పింగాణీ ఎజ్రా ప్రజాసేవ

మా థోర్‌బెక్ సంతలో ఎజ్రా టాటర్సాల్ పింగాణీ దుకాణానికీ, నా చీజ్ దుకాణానికీ మధ్య ఒక గోనెపట్టా తెర మాత్రమే అడ్డు. అతని గొంతుకి ఆ పట్టా ఏ మూలకీ వచ్చేది కాదు. పొద్దున్నే బండి మీదికెక్కి, ఒక డజను పళ్ళేలు చేతి మీద వరసగా పరుచుకుని, అన్నిటినీ ఒక్కసారి గాల్లోకి ఎగరేసి గలగలమని మళ్ళీ పట్టుకుంటూ అరిచేవాడు.

"రండి తల్లీ, రండి! ఈ పళ్ళెం మీ అత్తగారి కంటే ఎక్కువ కాలం మన్నుతుంది. పైగా నోరు మెదపదు!"

అతను తర్వాత కౌన్సిలరయ్యాడు, మేయరయ్యాడు, పార్లమెంటుకి పోటీ చేశాడు. పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు టౌన్‌హాల్లో అతని పటం వేలాడదీశారు. అందులో నోరు మూసుకుని ఉంటాడు. అందుకే ఆ పటం అతనిలా ఉండదు.

ఎజ్రా రాజకీయాల్లోకి వచ్చింది దేశాన్ని ఉద్ధరిద్దామని కాదు. మధ్యాహ్నాలు బేరాలు లేక. ఒక శనివారం బండి దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్నడిగాడు.

"సెలీనా, ఈ ఆడవాళ్ళంతా ఏమైపోతున్నారు? పొద్దున కిటకిటలాడే సంత భోజనాల వేళకల్లా ఊడ్చేసినట్టు ఖాళీ అయిపోతోంది. మగాళ్ళు మాత్రం చీకటిపడేదాకా ఇక్కడే పడి ఉంటారు. వాళ్ళలో ఒక్కడు సాసరు కొంటే ఒట్టు!"

"ఇళ్ళకి వెళ్ళిపోతారు" అన్నాను, చీజ్ కోస్తూ.

"ఎందుకు?"

నడిబజార్లో, పరాయి మగవాడికి ఆ సంగతి ఎలా చెప్పను? నేను నీళ్ళు నములుతుంటే, వెనకాల గడ్డిలో చుట్టి తెచ్చిన కప్పులు విప్పుతున్న అతని భార్య కెజియా తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ బుల్ పబ్ వెనక్కి నువ్వెన్నిసార్లు వెళ్ళొచ్చావు?"

"నేనేమైనా గుర్తు పెట్టుకున్నానా? రెండు మూడుసార్లు వెళ్ళుంటా. అందులో తప్పేముంది?"

"తప్పేం లేదు. మరి నేనెక్కడికి వెళ్ళాలి?"

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. ఆ ప్రశ్న అతనికెప్పుడూ తట్టలేదు.

"ఇంటికి..." అన్నాడు చివరికి.

"ఇల్లు కొండ మీదుంది. టీ తాగినప్పుడల్లా నేను కొండెక్కనా? అందుకే సంతరోజు పొద్దున్నించీ చుక్క టీ ముట్టను. సెలీనాని అడుగు, తనూ ముట్టదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఎంతసేపని బిగబట్టుకుంటారు? వెళ్ళిపోక నీ సాసర్లు చూస్తూ కూర్చుంటారా?"

ఆ మధ్యాహ్నం ఎజ్రా పళ్ళేలు ఎగరేయలేదు. బండి మీద కూర్చుని కూడలినిండా చూశాడు. కూడలిలో మగవాళ్ళ కోసం ఇనపరేకుల మరుగుదొడ్లు రెండున్నాయి. గుర్రాలు నీళ్ళు తాగడానికి రాతి తొట్టి ఉంది. కుక్కల కోసం దాని కిందే చిన్న తొట్టి ఉంది. రోజూ చూసేవే, ఆ రోజే కంటబడ్డట్టు చూశాడు.

మరుసటి వారమే సంత వెనక సందులో ఒక పాత కొట్టు అద్దెకి తీసుకుని, దాని పెరట్లో చెక్కలతో ఒక మరుగుదొడ్డి కట్టించాడు. పెరట్లో కోళ్ళుండేవి. తలుపుకి గడియ లేదు. అయినా వచ్చే శనివారానికి సందు చివరిదాకా ఆడవాళ్ళ వరస! నేను ఆ రోజు, దుకాణం పెట్టాక మొదటిసారి, సంతలో కూర్చుని టీ తాగాను.

ఆ సుఖం ఎన్నాళ్ళో నిలవలేదు. ఊరి ఆరోగ్య ఇన్‌స్పెక్టరు వచ్చి, పెరటి దొడ్డి ఇంటివాళ్ళూ చుట్టాలూ తప్ప ఊరివాళ్ళు వాడకూడదని నోటీసు అంటించి వెళ్ళాడు. అతన్ని పంపింది సంతల కమిటీ పెద్ద, ఆల్డర్‌మన్, అంటే కౌన్సిల్లో పెద్ద తలకాయ, సెప్టిమస్ హోల్‌రాయిడ్. ఊళ్ళో సగం మందికి పని ఇచ్చే నూలుమిల్లు ఆయనదే. ఎజ్రా టోపీ చేత్తో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఏం జరిగిందో తిరిగొచ్చి మాకు అభినయించి మరీ చూపించాడు.

"'మిస్టర్ టాటర్సాల్! థోర్‌బెక్ స్త్రీలు మర్యాదస్తులు. వారికి అటువంటి అవసరములు లేవు' అన్నాడమ్మాయ్! 'అయితే మా ఆవిడకి ఏదో జబ్బుందన్నమాట, డాక్టరుకి చూపిస్తానండీ' అన్నా. మొహం కందగడ్డయిపోయింది. 'ఈ విషయం మాట్లాడే హక్కు కౌన్సిలర్లకే ఉంది, మీకు లేదు' అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?" అంది కెజియా.

"కౌన్సిలరెలా అవుతారండీ అనడిగా."

ఆ నవంబరులో నిలబడ్డాడు. లిబరల్ పార్టీ వాళ్ళు మొదట మొహం తిప్పుకున్నారు. ఆ వార్డులో గెలిచే ఆశ వాళ్ళకెలాగూ లేదు కనుక సరేనన్నారు. ఎజ్రాకి ఉపన్యాసాలు రావు, అరుపులే వచ్చు. పళ్ళేలు ఎగరేస్తూ ఓట్లడిగాడు. "హోల్‌రాయిడ్ గారి మాట నమ్మితే ఇలా అవుతుంది!" అని ఒక పగుళ్ళ పళ్ళేన్ని నేలకేసి కొట్టేవాడు. అతన్ని గెలిపించింది మాత్రం మేము. సొంతంగా ఇంటిపన్ను కట్టే విధవలకీ, పెళ్ళికాని ఆడవాళ్ళకీ ఊరి ఎన్నికల్లో ఓటుండేది. మావారు పోయాక ఆ దుకాణం, ఆ ఇల్లు, ఆ ఓటు నా చేతికి వచ్చాయి. మా వార్డులో విధవలు తక్కువేం కాదు. ఎవరం ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. పోలింగు కేంద్రం దగ్గర నల్లదుస్తుల్లో ఒకరినొకరు చూసుకుని తలలూపుకున్నాం, అంతే.

కౌన్సిల్ మొదటి సమావేశానికి నేను గ్యాలరీలో కూర్చున్నాను. విషయం వచ్చేసరికి గుమస్తా కాయితం చూసి చదవడం మొదలుపెట్టి, చెమటలు కక్కాడు.

"సంత కూడలియందు స్త్రీల నిమిత్తమై... ప్రతిపాదించబడిన... సదరు... దానిని గురించి..."

ఎజ్రా లేచాడు. "దొడ్డి అధ్యక్షా. ఆడవాళ్ళ దొడ్డి."

ఇద్దరు పెద్దమనుషులు దగ్గారు. ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పటి మేయరు ముసలాయనకి చెముడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "దొడ్డా? పశువులదొడ్డి మనకుందిగా?" అన్నాడు.

"ఉందండీ. పశువులకి ఉంది. నేను మొత్తుకునేదీ అదే."

హోల్‌రాయిడ్ లేచాడు. "అధ్యక్షా! ఈ పెద్దమనిషి వ్యాపారమేమిటో మనకందరికీ తెలుసును. మంచముల క్రింద పెట్టుకొను కుండలు అమ్ముకొనువాడు. ఇటువంటి విషయములందు ఆసక్తి ఉండుట సహజమే."

"నిజమేనండీ" అన్నాడు ఎజ్రా, చాలా వినయంగా. "మీ ఇంటికి అరడజను నేనే ఇచ్చాను. గులాబీపూలవి. ఒకటి పగిలిందని మీ వంటమనిషి చెప్పింది, మళ్ళీ పంపించమంటారా?"

నవ్వులైతే వచ్చాయి గానీ ఓట్లు రాలేదు. విషయం ఒక ఉపసంఘానికి పోయింది. ఆ ఉపసంఘం మూడేళ్ళు స్థలం వెతికింది. బ్యాంకు ముందంటే మేనేజరు ఒప్పుకోలేదు. చర్చి పక్కనంటే పాదిరిగారికి ప్రసంగంలో ధ్యాస చెదురుతుందన్నారు. కూడలి మధ్యలోనంటే, అక్కడున్న రాణీగారి విగ్రహం చూపు నేరుగా దాని మీదే పడుతుందని ఒకాయన కంటతడి పెట్టాడు.

"ఆవిడా ఆడదేగా బాబూ, అర్థం చేసుకుంటుంది" అన్నాడు ఎజ్రా. ఆ మాటకి క్షమాపణ చెప్పించారు.

ఈలోగా ఊరికి కొత్త టౌన్‌హాలు లేచింది. అది హోల్‌రాయిడ్ కలలపంట. పాలరాతి మెట్లు, బిలియర్డ్స్ గది, పొగతాగే గది, మగవాళ్ళకి అంతస్తుకొకటి చొప్పున నిగనిగలాడే మరుగుదొడ్లు. ప్రారంభానికి రావెన్స్‌హోమ్ జమీందారిణి వచ్చింది. అంతటి దొరసాని మా ఊరు రావడం అదే మొదలు. రైలు దిగగానే స్టేషన్‌మాస్టరు భార్య టీ ఇచ్చింది. మేయరింట్లో టీ ఇచ్చారు. మిల్లు చూపించి అక్కడా టీ ఇచ్చారు. పాపం, మర్యాద తెలిసిన మనిషి, ఎవరికీ కాదనలేదు.

హాల్లో టీలు అందించే పని కెజియాకీ నాకూ అప్పగించారు. వేదిక మీద హోల్‌రాయిడ్ ఉపన్యాసం మొదలైంది. దేనిగురించనుకున్నారు? ఊరి మంచినీటి పథకం గురించి. కొండల మీద వాన ఎలా పడుతుందో, ఆ నీరు ఎలా జలజలా వాగుల్లోకి జారుతుందో, చెరువు ఎలా పొంగిపొర్లుతుందో, గొట్టాల్లోంచి ఎంత ఉధృతంగా ఉరుకుతుందో చేతులు తిప్పుతూ వర్ణిస్తున్నాడు. బయట కూడా వాన మొదలై గాజు కప్పు మీద టపటపమంటోంది.

జమీందారిణి ముందు కాలు మీద కాలు వేసుకుంది. తర్వాత ఆ కాలు మార్చింది. ఆ తర్వాత పక్కనున్న సహచరి చెవిలో ఏదో అంది. సహచరి మేయరు భార్య చెవిలో వేసింది. ఆవిడ మొహం పాలిపోయింది. ఆవిడ గుమస్తాని పిలిచింది. గుమస్తా గోడకి వేలాడుతున్న భవనం ప్లాను దగ్గరికి వెళ్ళి, వేలితో గదులు ఒక్కొక్కటే వెతుక్కుంటూ కింది అంతస్తు నుంచి గోపురం దాకా వెళ్ళాడు. గోపురం దగ్గర వేలు ఆగిపోయింది. అంత పెద్ద భవనంలో ఆడదానికి పనికొచ్చే చోటు ఒక్కటీ లేదు.

కెజియా చేతిలో ట్రే నాకిచ్చి, తిన్నగా వేదికెక్కేసింది.

"అమ్మా, నాతో రండి" అంది.

ఆవిడ ఒక్క మాట అడగలేదు. లేచింది. నేనూ ట్రే ఎక్కడో పడేసి వెంట పరిగెత్తాను. వానలో ముగ్గురం కూడలి దాటాం. ఆవిడ టోపీ మీద నెమలీకలు తడిసి మొహం మీద పడుతున్నాయి. కెజియా సందులోంచి పెరట్లోకి తీసుకెళ్ళింది. కోళ్ళు కకావికలై లేచాయి. తలుపు దగ్గర కెజియా ఆగింది.

"చట్టప్రకారం మీరిది వాడకూడదమ్మా. ఇంటివాళ్ళకీ చుట్టాలకే. ఇన్‌స్పెక్టరొస్తే మా మేనత్త కూతురని చెప్తాను, ఏమనుకోకండి."

"ఎవరి కూతురనైనా చెప్పు తల్లీ, తలుపు తియ్యి!" అంది జమీందారిణి.

టోపీ తలుపులో పట్టలేదు. అది నా చేతుల్లో పెట్టింది. కెజియా గడియలేని తలుపుకి వీపు ఆనించి నిలబడింది. లోపల ఒక కోడి ఉన్న సంగతి మాకు తెలియదు. ముందు కోడి అరుపు వినబడింది, తర్వాత దొరసాని నవ్వు.

బయటికొచ్చాక ఆవిడ గౌను సర్దుకుంటూ, "సంతకొచ్చే ఆడవాళ్ళంతా ఇక్కడికే వస్తారా?" అనడిగింది.

"లేదమ్మా, రానివ్వరు. బిగబట్టుకుని ఇళ్ళకి పోతాం."

"ఎన్నాళ్ళనించి?"

"ఊరు పుట్టినప్పట్నుంచి."

మేము తిరిగొచ్చేసరికి హోల్‌రాయిడ్ ఇంకా చెరువు దగ్గరే ఉన్నాడు. ఆవిడ లేచి వెళ్ళిన సంగతే చూసుకోలేదు. ఆయన ముగించాక ఆవిడ లేచింది.

"హోల్‌రాయిడ్ గారు నీటి గురించి చెప్పిన ప్రతి మాటా నన్నెంతగా కదిలించిందో నేను చెప్పలేను" అంది. ఆయన గర్వంగా వంగి నమస్కరించాడు. "ఈ భవనం చాలా బాగుంది. కానీ ఈ మధ్యాహ్నం నేను మీ ఊళ్ళో ఒక చట్టం మీరవలసి వచ్చింది. నన్ను కాపాడింది ఈ టాటర్సాల్ గారి భార్య, ఒక కోడి. ఈ ఊరికి ఇంకొక భవనం బాకీ ఉంది. అది ఏమిటో మీ ఇంటి ఆడవాళ్ళనడగండి. అది కట్టినప్పుడు మళ్ళీ పిలవండి, వస్తాను."

వెనక వరసల్లోంచి ఒక మిల్లు పిల్ల కిసుక్కుమంది. అంతే, హాల్లో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు, చప్పట్లు కొట్టారు, కొందరు బెంచీలెక్కారు. మేయరు భార్య కూడా చప్పట్లు కొట్టడం నేను నా కళ్ళతో చూశాను. చెవిటి మేయరు హోల్‌రాయిడ్ వీపు తట్టి, "నీ ఉపన్యాసం ఆడవాళ్ళకి బాగా నచ్చిందయ్యా!" అన్నాడు.

తర్వాతి సమావేశంలో తీర్మానం ప్రవేశపెట్టింది ఎవరో కాదు, హోల్‌రాయిడే. ఈ అవసరాన్ని తాను ఎన్నో ఏళ్ళుగా గుర్తించి బాధపడుతున్నానన్నాడు. ఎజ్రా ఎగతాళి చేస్తాడని నేను చూస్తున్నాను. అతను లేచి, "ఆల్డర్‌మన్ గారి బాధ తీరాలని నేనూ కోరుకుంటున్నాను" అని కూర్చున్నాడు.

ఆ చిన్న భవనం మీద ఎజ్రా పెట్టుకున్న ప్రేమ చెప్పనలవి కాదు. పింగాణీ పలకలు తనే ఎంచాడు. తెల్లవి, అంచుకి ఆకుపచ్చవి. రోజూ తాపీవాళ్ళ నెత్తి మీద కూర్చునేవాడు. ప్రారంభం రోజున జమీందారిణి మాట నిలబెట్టుకుని వచ్చింది. రిబ్బను మాత్రం కెజియా చేతే కత్తిరింపించింది. ఆడవాళ్ళంతా బిలబిలమంటూ లోపలికి వెళ్ళారు. వెనకాలే ఎజ్రా కూడా అడుగేశాడు. అక్కడ కాపలా పనికి కొత్తగా కుదిరిన మిసెస్ బిర్‌ట్విజిల్ తుడుపుకర్ర అడ్డం పెట్టింది.

"మగవాళ్ళు రాకూడదండీ."

"నేనే కట్టించానమ్మా!"

"చాలా సంతోషమండీ. అక్కణ్ణించి చూసుకోండి."

పాపం, ఆ గుమ్మం బయట టోపీ చేత్తో పట్టుకుని, మెడ సాచి పలకలు చూస్తూ నిలబడ్డాడు. ఆ శనివారం దీపాలు పెట్టేదాకా సంత కళకళలాడింది. ఎజ్రా దగ్గర కూజాలన్నీ అమ్ముడైపోయాయి. నా చీజ్ కూడా మిగల్లేదు.

కొన్నాళ్ళకి అతన్నే మేయర్ని చేశారు. బంగారు గొలుసు వేసుకుని కూడా శనివారాలు బండెక్కేవాడు. ఆ తర్వాత మా పార్లమెంటు సభ్యుడు పోవడంతో ఉపఎన్నిక వచ్చింది. లిబరల్ పార్టీ వాళ్ళు ఈసారి తమంత తామే వచ్చి ఎజ్రాని నిలబెట్టారు. సభలు పెడితే జనం విరగబడి వచ్చారు. ఒక సభలో అవతలి పార్టీ మనిషి ఒకడు వెనకనించి అరిచాడు.

"ఎజ్రా! పార్లమెంటులో నీకు ఏ సీటు కావాలి? మూత ఉన్నదా, లేనిదా?"

"ఏదైనా పరవాలేదు బాబూ, నీలాంటివాణ్ణి నీళ్ళతో కిందికి పంపడానికి లాగే గొలుసుంటే చాలు!"

నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఎజ్రా గాల్లో తేలిపోతున్నాడు. "చూశారా జనాన్ని? గెలుపు మనదే!"

"టోపీలు చూశావా?" అంది కెజియా.

"టోపీలేంటి?"

"సగానికి పైగా పూల టోపీలు. పార్లమెంటుకి పూల టోపీలకి ఓటు లేదయ్యా. విధవలక్కూడా లేదు. సెలీనాకీ లేదు."

ఎజ్రా నవ్వేశాడు. కౌంటింగు రోజు నవ్వలేదు. చాలా తక్కువ తేడాతో ఓడిపోయాడు. టౌన్‌హాలు మెట్ల మీద ఫలితం చదివినప్పుడు కింద కూడలి నిండా ఆడవాళ్ళే. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ కదల్లేదు. ఎజ్రా మాట్లాడదామని ముందుకొచ్చాడు. ఆ ఆడవాళ్ళని చూసి, చెయ్యి మాత్రం ఊపి దిగిపోయాడు.

వారం రోజులు దుకాణం వెనక గడ్డిలో కూర్చుని కప్పులు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. నేను చీజ్ ముక్క తీసుకెళ్తే తినలేదు. కెజియా పక్కన కూర్చుంది.

"కొద్దిలో పోయింది కదా" అంది.

"అది కాదు. నాకోసం వచ్చినవాళ్ళంతా బయట నిలబడే ఉన్నారు కెజియా. అంతమంది. లోపలికి రానివ్వలేదు. ఎలా ఊరుకున్నార్రా వీళ్ళు ఇన్నాళ్ళూ, అనిపించింది."

"ఊరుకున్నామని ఎవరన్నారు?" అంది కెజియా. "అడిగే నాథుడు లేక. లే, బేరం వచ్చింది."

అప్పట్నుంచి ఆడవాళ్ళ ఓటు గురించి ఎక్కడ సభ జరిగినా ఎజ్రా వెళ్ళేవాడు. ఒకచోట అతని మీద గుడ్లు విసిరారు. అలవాటు కొద్దీ రెండు పట్టుకున్నాడట, పగలకుండా. ఇంటికి తెచ్చి పొరటు వేయించుకున్నాడు.

యుద్ధం వచ్చింది, పోయింది. ఓటూ వచ్చింది. అప్పటికి ఎజ్రా మోకాళ్ళు అరిగిపోయి, టౌన్‌హాలు పాలరాతి మెట్లు ఎక్కడం కష్టమైంది. తన వార్డుకి కెజియాని నిలబెడదామని పార్టీ వాళ్ళతో అన్నాడు. వాళ్ళు మళ్ళీ మొహం తిప్పుకున్నారు. మళ్ళీ సరేనన్నారు. తన జన్మలో ఎజ్రా చూడనన్ని ఓట్లతో ఆమె గెలిచింది. ఆ రాత్రి అతను భోజనం దగ్గర ఆ అంకెని పదిసార్లు చెప్పుకుని, "కొంత నా పేరు వల్లేలే" అన్నాడు. కెజియా అతని పళ్ళెంలో ఇంకో బంగాళాదుంప వేసింది, నోరు మూయించడానికి.

కెజియా మొదటి సమావేశానికి మెట్లు ఒక్కొక్కటే ఎక్కించి అతన్ని గ్యాలరీకి నేనే తీసుకెళ్ళాను. ఆమె లేచి వీధి దీపాల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. మెల్లగా, వివరంగా మాట్లాడుతోంది. ఎజ్రాకి ఆగలేదు.

"గట్టిగా! వెనక వాళ్ళకి వినబడదు!"

కెజియా తల తిప్పలేదు.

"ఆ గుంట సంగతి చెప్పు! గుంటలో పడ్డ ముసలాయన సంగతి!"

నేను కోటు పట్టి లాగాను. విదిలించుకున్నాడు. "చెయ్యి ఎత్తి చెప్పు కెజియా, చెయ్యి!"

కెజియా కాయితాలు బల్ల మీద పెట్టింది. "అధ్యక్షా, గ్యాలరీలో ఒక పెద్దాయన సభకి అడ్డు తగులుతున్నాడు. బయటికి పంపించమని కోరుతున్నాను."

కొత్త మేయరు ఇబ్బందిగా చూశాడు. "కౌన్సిలర్ గారూ, ఆయన... మీ వారు కదండీ?"

"సభలో నాకు చుట్టాలెవరూ లేరండీ."

జవాను వచ్చి, "క్షమించండి టాటర్సాల్ గారూ" అంటూ ఒక చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. మెట్లన్నీ దింపి బయట నిలబెట్టాం. అతను చిన్నబుచ్చుకున్నాడేమోనని మొహంలోకి చూశాను. బుగ్గలు ఎర్రబడి, కళ్ళు మెరుస్తున్నాయి. అటుగా రొట్టెల బుట్టతో వెళ్తున్న ఒకావిడని ఆపి, ఊరంతా వినబడేట్టు అరిచాడు.

"నన్ను గెంటించారమ్మా! ఎవరో తెలుసా? మా కౌన్సిలరు!"